పదిహేడో కుండీ

కుండీలమ్మకు ఒకరిమీద అసూయ ఉందంటే ఆ పరిశోధన కేంద్రంలో ఎవరూ నమ్మరు. గేటు కాపలాదారు జ్వరంతో మంచం పడితే నాలుగు రోజులు వాళ్ళింటికి భోజనం మోసిన మనిషి. మొక్కలు పెంచే పాలీహౌస్ తలుపు సందులో పిట్ట గూడు పెట్టుకుంటే, పిల్లలు ఎగిరిపోయేదాకా చుట్టూ తిరిగి వెనక తలుపు నుంచి వెళ్ళిన మనిషి. పొద్దున్నే పనిలోకి దిగే ముందు కుండీల వరస చివర నిలబడి, కళ్ళు మూసుకుని, రెండు నిమిషాలు దేవుడితో మాట్లాడుకుంటే గానీ నీళ్ళ గొట్టం ముట్టుకోదు. అలాంటి మనిషి కడుపులోనూ ఆ మంట ఉంది. మూడేళ్ళుగా ఉంది.

ఎవరిమీదంటే, స్వయానా వియ్యపురాలి మీద. ఒక్కగానొక్క కూతురి అత్తగారి మీద. ఆవిడను కేంద్రంలో అందరూ సీసాలమ్మ అంటారు.

కుండీలమ్మ పుట్టింది నారు పోసి అమ్ముకునే ఇంట్లో. అయిదో తరగతి దాకా చదివింది. అప్పటికే నారుమడిలో ఏ మొక్క నిలుస్తుందో, ఏది మూడో రోజుకు తలవాలుస్తుందో చూసి చెప్పేది. ఆవిడ తొమ్మిదో ఏట వాళ్ళ నాన్న టమాటా చేలో బోడు పడింది.

బోడు కలుపే గానీ, అన్ని కలుపుల్లాంటిది కాదు. దానికి ఆకుండదు, పచ్చదనముండదు. గింజ చూస్తే ధూళి. మట్టిలో పదేళ్ళయినా ఊరికే పడుకుని ఉంటుంది. టమాటా వేరు పక్కకు రాగానే నిద్రలేచి, వేరును కరుచుకుని, మొక్క తినాల్సిందంతా తాను తింటుంది. నీళ్ళు పెట్టినా మొక్క వాడిపోతుంటే రైతు ఇంకాస్త నీళ్ళు పెడతాడు. చివరికి ఒక రోజు మొక్క మొదట్లో ఊదారంగు పూలకాడ పైకి లేస్తుంది. అది కనిపించిందంటే జరగాల్సిందంతా నేల కింద జరిగిపోయినట్టే. పోనీ కలుపుమందు కొడదామంటే, ఆ మందుకు బోడు కన్నా ముందు టమాటా పోతుంది. నాన్న ఆ ఏడు చేను మధ్యలో నిలబడి, చేతులు దులుపుకుని ఇంటికి వచ్చేశాడు. మళ్ళీ ఆ చేలో టమాటా వేయలేదు.

ఆ పగ ఆవిడ చేతుల్లోకి దిగింది. పెళ్ళయి వచ్చాక, భర్త పంపు నడిపే పరిశోధన కేంద్రంలోనే కుండీల పనికి కుదిరింది. ఇరవై రెండేళ్ళు. కుండీని బోర్లించి, మట్టిగడ్డను నీళ్ళ తొట్టిలో నానబెట్టి, తల చిక్కు తీసినట్టు వేరును విప్పుతుంది. ఆవగింజంత బోడు బుడిపె కూడా ఆవిడ వేలికొసకు చిక్కకుండా పోదు. చదువుకున్నవాళ్ళు భూతద్దంలో చూసి పన్నెండు లెక్కపెడితే, ఆవిడ చూడకుండా తడిమి పదిహేను తీస్తుంది. ఎవరైనా పెద్దవాళ్ళు కేంద్రం చూడ్డానికి వస్తే ముందు ఆవిడ తొట్టి దగ్గరికే తీసుకొచ్చేవారు. ఆవిడ చీర కొంగుకు చేతులు తుడుచుకుంటూ, “ఏముంది సార్, మట్టిపని” అనేది. అంటూనే లోపల్లోపల మురిసిపోయేది.

సీసాలమ్మ ఈ గడప తొక్కిందీ కుండీలమ్మ పుణ్యంతోనే. భర్త పోయాక ఆవిడ గోడకేసి చూస్తూ కూర్చుండిపోయిందని కూతురు కళ్ళనీళ్ళు పెట్టుకుంది. కుండీలమ్మ వెళ్ళి డాక్టరమ్మను అడిగింది. డాక్టరమ్మ అంటే మందులిచ్చే డాక్టరు కాదు, మొక్కల మీద పెద్ద చదువు చదివినావిడ. “మా వదినగారికి ఏదో ఒక పని ఇప్పించండమ్మా, మనిషి మనుషుల్లో పడుతుంది” అంది. సీసాలు కడిగే పని ఇచ్చారు. ఆ రోజు దేవుడు తనచేత మంచి పని చేయించాడనుకుంది. ఇప్పుడు తలుచుకుంటే, తన చేత్తో తన కళ్ళలోనే కారం కొట్టుకున్నట్టుంది.

ఎందుకంటే సీసాలమ్మ చేతికి వణుకు లేదు. అది డాక్టరమ్మ కంట్లో పడింది. సీసాలు కడిగే మనిషి ఆరు నెలల్లో దీపం మంట పక్కన బ్లేడు పట్టుకుని, టమాటా ఆకును గోరంత ముక్కలుగా కోసి, సీసాల్లో పెట్టి, ఆ ముక్కల నుంచి మొక్కల్ని లేపే మనిషయింది. ఆ మొక్కలు మామూలు మొక్కలు కావు. వాటి జన్యువులో ఒకచోట చిన్న మార్పు చేశారు. డాక్టరమ్మ ఓ రోజు కుండీలమ్మకు విడమరిచి చెప్పింది.

“కలుపుమందు మొక్కలో ఒకచోట పట్టు దొరికించుకుని పీక నొక్కుతుంది కుండీలమ్మా. ఆ పట్టు దొరక్కుండా చేశాం. ఇప్పుడు మందు కొడితే అది ఆకులోంచి వేరులోకి దిగుతుంది. వేరును పీల్చేది ఎవరు?”

“బోడు.”

“అంతే. టమాటాకు ఏమీ కాదు. తాగిన బోడు చస్తుంది. వేరు విప్పి చూసుకునే పని రైతుకు ఉండదు.”

“మరి నాకు?” అనబోయి కుండీలమ్మ నీళ్ళ గొట్టం విదిలించింది.

అప్పటినుంచి చూడ్డానికి వచ్చిన పెద్దవాళ్ళు నేరుగా సీసాలుండే అద్దాల గదికి వెళుతున్నారు. తొట్టి దగ్గరికి వచ్చేది పిచ్చుకలే. సీసాలమ్మకు తెల్లకోటు, మెత్త కుర్చీ. కుండీలమ్మకు మూడు కాళ్ళ స్టూలు, దానికీ ఒక కాలు పొట్టి. ఇవన్నీ ఓర్చుకుంది. ఓర్చుకోలేనిది ఒక్కటే. డాక్టరమ్మ ఆవిడను “సీసాలమ్మగారూ” అంటుంది. తనను “కుండీలమ్మా” అంటుంది. ఇరవై రెండేళ్ళలో తనకు తగలని ఆ గారు, మూడేళ్ళలో ఆవిడకెలా తగిలిందో ఎంత ఆలోచించినా అంతుపట్టలేదు.

ఇక కూతురు. ఫోన్ చేస్తే చాలు, “అత్తయ్య చేతి కింద మూడొందల సీసాల్లో ఒక్కటి కూడా బూజు పట్టలేదటమ్మా.”

“పట్టకపోతే పట్టలేదులే. గేటు దారి చూపించింది ఎవరో కూడా అడుగు మీ అత్తయ్యను.”

“ఆవిడే చెబుతుంది, మీ అమ్మ లేకపోతే నేను లేనని.”

ఆ మాట ఇంకా మండేది. ఎదుటి మనిషి గర్విష్ఠి అయితే తిట్టుకోవడానికి సుఖంగా ఉంటుంది. ఈవిడ చూస్తే, రోజూ సాయంత్రం సీసాలు మరిగించిన వేడినీళ్ళు ఒక చెంబుతో తెచ్చి పాలీహౌస్ కుళాయి పక్కన పెట్టి వెళ్ళేది, పగుళ్ళు పడిన కుండీలమ్మ చేతుల కోసం. కుండీలమ్మ ఆ నీళ్ళలో చేతులు ముంచి, “అబ్బ, ఏం హాయి” అనుకుని, అనుకున్నందుకు తనమీద తనకే చిరాకుపడేది.

అలాంటి రోజుల్లో అసలు పరీక్ష మొదలైంది. కొత్త టమాటా నలభై కుండీలు ఒక వరస, పాత టమాటా నలభై ఒక వరస. అన్నిటి మట్టిలోనూ బోడు గింజ కలిపారు. ఇరవయ్యో రోజున కొత్త వరసకు కలుపుమందు కొడతారు. పాత వరసను బోడుకు వదిలేస్తారు. సీసాలమ్మ తన మొక్కల్ని ఇసుక కప్పుల్లో పెట్టి, పసిపిల్లల్ని దింపినట్టు ఒక్కొక్కటీ తెచ్చి అప్పజెప్పింది.

“ఇంతవరకూ నావి, ఇక మీవి వదినగారూ.”

“భయపడకండి వదినగారూ. సీసాలో పెరిగినా కుండీలో పెరిగినా మొక్క మొక్కే” అంది కుండీలమ్మ, నవ్వుతూనే.

నాలుగో రోజు పొద్దున పదిహేడో కుండీలో మొక్క మొదలంటా కొరికేసి పడి ఉంది. పురుగు పని. ఇలాంటప్పుడు చేయాల్సింది ఒకటే: పుస్తకంలో రాసి, కుండీని ఖాళీగా వదిలేయాలి. పరీక్షలో ఖాళీ ఖాళీగానే ఉండాలన్న నియమం ఆవిడకు ఇరవై రెండేళ్ళుగా తెలుసు. కానీ నారు ఇంట్లో పుట్టిన చేయి ఆవిడది. వరసలో ఖాళీ చూస్తే పన్ను ఊడిన నోరు చూసినట్టుంటుంది. నాన్న ఏనాడూ ఖాళీ ఉంచలేదు. పోయిన చోట సాయంత్రానికి ఇంకో మొక్క నిలబడాల్సిందే.

అదొక్కటే అయితే ఆవిడ ఆగిపోయేదేమో. ఆ పడిపోయిన మొక్కను చూస్తుంటే చెవిలో కూతురి గొంతు వినిపించింది. అత్తయ్య చేతిలో మూడొందలకు ఒక్కటి పోలేదమ్మా, నీ చేతిలో నాలుగో రోజుకే పోయిందా? సీసాలమ్మ వచ్చి జాలిగా, “పోన్లెండి వదినగారూ” అనడం కూడా కళ్ళకు కట్టింది. ఆ జాలి భరించడం తనవల్ల కాదు. పాత టమాటా నారు మిగిలిన ట్రే మూల ఉంది. కొబ్బరిపొట్టులో పెంచిన నారు. అందులోంచి ఒకటి తీసి నాటింది. నీళ్ళు చిలకరించింది. చూడ్డానికి టమాటా టమాటాలాగే ఉంది.

మందు కొడితే అది చస్తుందన్న సంగతి ఆ పొద్దున తట్టలేదట. అది ఆవిడ చెప్పుకున్న మాట. నమ్మొచ్చు. ఇరవయ్యో రోజున మందు కొడుతున్నప్పుడు మాత్రం తట్టింది. మూతికి గుడ్డ కట్టుకుని దూరంగా నిలబడి, నోరు తెరవలేదు.

పన్నెండు రోజులు గడిచాక పదిహేడో కుండీలో మొక్క చిగురు పసుపుపచ్చగా తిరిగింది. మిగతా ముప్పైతొమ్మిదీ నిగనిగలాడుతున్నాయి. డాక్టరమ్మ దాని ముందు చాలాసేపు వంగి నిలబడింది. లేచేసరికి మొహంలో నెత్తురు లేదు.

“ఏదో సీసాలో పాత మొక్క కలిసింది” అంది. “ఒకటి కలిస్తే ఇంకెన్ని కలిశాయో. సీసాల గది పుస్తకమే నమ్మకం లేనిదంటే ఇక దేన్ని నమ్మమంటాను? శుక్రవారం అనుమతి కమిటీ వాళ్ళు వస్తున్నారు. వాళ్ళు అడక్కముందే నేనే చెప్పేస్తాను. ఈ వరస, దాని సీసాలు, అన్నీ తీసేసి మొదటినుంచి మొదలుపెడతాం.”

రెండేళ్ళ పని. సీసాలమ్మ తెల్లకోటు జేబులో చేతులు పెట్టుకుని అలాగే నిలబడిపోయింది. కుండీలమ్మకు ఏమనిపించిందో దాచడం ఎందుకు, ముందు తియ్యగా అనిపించింది. ఎండలో నడిచొచ్చి చల్లటి నీళ్ళు తాగినట్టు గొంతులోంచి కడుపుదాకా దిగింది. మూడేళ్ళ మంట మీద నీళ్ళు పడ్డాయి.

మధ్యాహ్నం సీసాలమ్మ పాలీహౌస్‌కు వచ్చి, స్టూలు లాక్కోకుండా గుమ్మంలోనే నిలబడింది.

“వదినగారూ, ఆ మొక్క మీకేమైనా తేడాగా అనిపించిందా, నాటినప్పుడు?”

“నాకేం తెలుస్తుంది వదినగారూ. మీరిచ్చింది నేను నాటాను.”

“అవున్లెండి.” గొంతు తగ్గించింది. “ఒకటి చెబుతాను, మీలోనే ఉంచుకోండి. ఈ మొక్కలు లేపిన నెలలో నా కుడి కంటికి పొర మొదలైంది. దీపం చుట్టూ గుడి కట్టినట్టు కనిపించేది. డాక్టరమ్మకు చెప్పలేదు. చెబితే బ్లేడు తీసేసుకుంటారని భయం. అప్పుడే ఎక్కడో సీసా మారిపోయి ఉంటుంది. నేనే చెప్పేస్తాను.”

“చెప్పకండి” అనేసింది కుండీలమ్మ. ఎందుకన్నదో తనకే తెలియలేదు. వియ్యపురాలు ఆ మాటను దయ అనుకుంది. చేయి పట్టుకుని, “మీరు నా సొంత వదినకన్నా ఎక్కువ” అని వెళ్ళిపోయింది. కుండీలమ్మ ఆ చేతిని గొట్టం కింద పెట్టి కడుక్కుంది.

గురువారం పొద్దున డాక్టరమ్మ రెండు తొట్లు తెప్పించింది. “పదిహేడు, పద్దెనిమిది రెండూ విప్పండి కుండీలమ్మా. కింద ఎలా ఉందో చూడాలి.” తొట్లు పట్టుకోవడానికి సీసాలమ్మ కూడా వచ్చింది. అప్పటికే తన కంటి సంగతి చెప్పేసినట్టు ఆవిడ మొహమే చెబుతోంది.

ముందు పద్దెనిమిది. మట్టి నానింది. కుండీలమ్మ కళ్ళు సగం మూసుకుని వేరును విప్పింది. వేలికి బుడిపె తగిలింది. నొక్కితే గట్టిగా ఉండాలి, లేదు. పైకి తీసి చూసింది. బోడు మొలక నల్లగా, ఎండిన జీలకర్ర గింజలా, వేరును పట్టుకుని చచ్చి ఉంది. వేరు మాత్రం తెల్లగా ఉంది. ఇంకొకటి. అదీ అంతే. ఇరవై రెండేళ్ళలో చచ్చిన మొక్క మీద బతికున్న బోడును లెక్కలేనన్నిసార్లు చూసింది. బతికున్న వేరు మీద చచ్చిన బోడును చూడటం అదే మొదటిసారి. చేను మధ్యలో నాన్న చేతులు దులుపుకున్న సంగతి గుర్తొచ్చి కళ్ళు చెమ్మగిల్లాయి. ఆ వెంటనే, ఇది తన చేతుల వల్ల కాలేదు, సీసాలమ్మ చేతుల వల్ల అయిందన్న సంగతి కూడా గుర్తొచ్చి చెమ్మ ఆరిపోయింది.

తర్వాత పదిహేడు. ఇందులో మందు ఆకుల దగ్గరే మొక్కను పట్టేసి వేరుదాకా దిగినట్టు లేదు; బోడు బుడిపెలు లావుగా, పసుపుగా, కడుపునిండా తిని ఉన్నాయి. వాటి నడుమ, వేరు మొదట్లో, ట్రే గుంట ఆకారంలో కొబ్బరిపొట్టు ముద్ద. సీసా మొక్కలు ఇసుకలోంచి వచ్చాయి. వాటికి ఈ ముద్ద ఉండదు. డాక్టరమ్మ పుస్తకంలో ఏదో రాసుకుంటోంది. సీసాలమ్మ కంటికి ఎలాగూ అంత దూరం ఆనదు. కుండీలమ్మ బొటనవేలితో ఆ ముద్దను నలిపేసింది. పొట్టు వేరు నుంచి విడిపోయింది. అయిపోయింది. ఇక ఎవరికీ తెలియదు.

“ఒక్క మాట చెప్పనా కుండీలమ్మా” అంది డాక్టరమ్మ రాస్తూనే. “తప్పు ఎవరివల్లయినా జరుగుతుంది. అడక్కముందే వచ్చి, నా కన్ను బాలేదు, తప్పు నాదే అని చెప్పడానికి ఎంత గుండె కావాలి. వందమందిలో ఒక్కరూ చెప్పరు. రేపు కమిటీ ముందు సీసాలమ్మగారి గురించి ఈ మాట చెబుతాను. ఇలాంటి మనుషులు మా దగ్గర ఉన్నారని వాళ్ళకూ తెలియాలి.”

సీసాలమ్మ తల దించుకుంది.

కుండీలమ్మ చేతులు తొట్టిలో ఆగిపోయాయి. ఒప్పుకు పేరు ఆవిడకే, తప్పుకు పేరూ ఆవిడకేనా? కుండీ తనది. పురుగు కొరికిన మొక్క తన వరసలోది. నాటింది తను, నలిపింది తను. పోయి పోయి దానిక్కూడా కమిటీ ముందు ఆవిడకు పొగడ్తా? మూడేళ్ళలో ఎన్నడూ రానంత మంట ఒక్కసారిగా నాలుక మీదికి వచ్చేసింది.

“ఆవిడ గుండె సంగతి తర్వాత చూద్దురుగానీ” అంది. “ఆవిడ చేయని తప్పు ఆవిడకెలా ఇస్తారు? ఆ మొక్క ఆవిడది కానే కాదు. నేను నాటాను.”

డాక్టరమ్మ కలం ఆగింది. “ఏమిటి?”

“నాలుగో రోజు పురుగు కొట్టేసింది. ఖాళీగా వదలకుండా పాత ట్రేలోంచి తెచ్చి పెట్టాను. ఇదిగో, తొట్టిలో చూడండి, పొట్టు తేలుతోంది. ఇప్పుడే నలిపాను. ఆ పద్దెనిమిదో దాని తొట్టిలో చూడండి, అడుగున మట్టీ ఇసుకా తప్ప ఏమీ ఉండదు.”

డాక్టరమ్మ వంగి ఒక తొట్టి చూసింది, రెండోది చూసింది. పొట్టు నలుసు ఒకటి వేలిమీదికి తీసుకుంది. ఎప్పుడూ కోపం తెచ్చుకోని మనిషి. ఇప్పుడు ఆవిడ గొంతు పలచగా అయిపోయింది.

“ఎందుకు?”

“నా చేతిలో పోయిందంటే ఆవిడ ముందు తక్కువైపోతానని.”

చెప్పేశాక గానీ, ఆవిడ పక్కనే తొట్టి పట్టుకుని ఉందన్న సంగతి గుర్తు రాలేదు. సీసాలమ్మ తొట్టిని నెమ్మదిగా, ఒక్క చుక్క తొణక్కుండా కింద పెట్టింది. పైకి లేచి, కోటు సర్దుకుని వెళ్ళిపోయింది.

కుండీలమ్మ చెప్పిందంతా డాక్టరమ్మ కాగితం మీద రాయించి సంతకం తీసుకుంది. పంట కాలం అయ్యేదాకా కొత్త వరసవైపు రావద్దంది. ఆకు ముక్క తీసి ల్యాబ్‌లో చూస్తే పదిహేడోది పాత టమాటాయేనని తేలింది. కమిటీ ముందు పదిహేడో కుండీని కొట్టివేసి, కారణం రాసి, ముప్పైతొమ్మిదికి ముప్పైతొమ్మిదీ నిలిచాయని చూపించారు. కంచె వేసిన చిన్న మడిలో వేసి చూడటానికి అనుమతి వచ్చింది. మొక్కలు బతికాయి, సీసాలు బతికాయి. కుండీలమ్మ ఆ రోజు పాలీహౌస్ వెనక పాత కుండీలు తోముతూ కిటికీలోంచి వినిపించిన చప్పట్లు విన్నది.

వారం రోజులు సీసాలమ్మ పలకరించలేదు. ఎదురుపడితే పక్కకు తప్పుకుంది. కుళాయి పక్కన చెంబు లేదు. ఇదీ ఒకందుకు బాగానే ఉందనుకుంది కుండీలమ్మ. వారానికి గానీ తెలియలేదు, చేతులు ఎంత మండుతాయో.

ఎనిమిదో రోజు కూతురు ఫోన్ చేసింది. “అమ్మా, అత్తయ్య అదోలా ఉంటోంది. అక్కడేమైనా జరిగిందా? అడిగితే కంటి గురించి దిగులంటోంది.”

“ఇంకేం చెప్పలేదా?”

“ఏం చెప్పాలి?”

కుండీలమ్మ మంచం మీద కూలబడింది. చెప్పలేదు. తన కూతురి దగ్గర తన పరువు ఆవిడ దాచింది. ఈ బాకీ కూడా ఆవిడ పద్దులోనే పడాలా?

“అయితే విను” అని, పురుగు దగ్గర్నుంచి పొట్టు దాకా పొల్లుపోకుండా చెప్పింది.

“ఇదంతా నాకెందుకు చెబుతున్నావమ్మా?” అంది కూతురు చివరికి.

“ఆవిడ చెప్పలేదుగా.”

కూతురు ఏడుస్తోందో నవ్వుతోందో ఫోనులో తెలియలేదు. “బుధవారం అత్తయ్య కంటి ఆపరేషన్. నేను సెలవు పెడుతున్నాను” అంది.

“నువ్వెందుకు? నేను కూర్చుంటాను.”

“ఆవిడ వద్దంటే?”

“అంటే అననీ. గుమ్మం బయట కూర్చుంటాను. కట్టు విప్పాక ఆ కళ్ళతో ముందు నన్ను చూసి నాలుగు మాటలు అనాలి. పక్కవాళ్ళు వినేట్టు అనాలి. అప్పుడు గానీ మేమిద్దరం సమానం కాము.”

ఫోను పెట్టేసి, బుధవారానికి సంచి సర్దుకోవడం మొదలుపెట్టింది. కన్ను బాగైతే ఆవిడ బ్లేడు ఇంకా సూటిగా తెగుతుంది కదా అన్న ఆలోచన మధ్యలో ఒకసారి వచ్చింది. చేయి ఆగింది. తర్వాత ఆవిడ కోసం రెండో తువ్వాలు కూడా మడిచి లోపల పెట్టింది.